పన్నెండో లీటరు

మా అల్బిన్ మామయ్యని ఏడిపించడం చిన్నప్పటినుంచీ నా పని. అమ్మకి అన్నయ్య కాబట్టి ఆ హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని నా నమ్మకం. ఆయన కూడా అందుకు వీలుగానే ఉంటాడు. మేకు కొట్టేముందు మూడుసార్లు కొలుస్తాడు. ఒకటి కావాల్సిన చోట రెండు కొంటాడు. తలుపుకి తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. ఇలాంటి మనిషిని ఏడిపించకుండా వదిలేస్తే పాపం తగులుతుంది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు జరిగినదాంట్లో ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు. అది మొదట తెలియాలి.

ఉద్యోగం మానేసిన ఏడాది మామయ్య ఒక పాత కారవాన్ కొన్నాడు. లోపల రెండు మంచాలు, ఒక స్టవ్వు, గోడలోంచి మడత విప్పుకునే బల్ల. బూడిదరంగుది కాబట్టి దానికి సీవ్కా అని పేరు పెట్టాడు. మా వైపు ఆ రంగు ఆవులన్నిటికీ అదే పేరు. మిలోయ్కా అత్తయ్యకి ఊపిరితిత్తుల జబ్బు. ఇటలీ సరిహద్దుకి ఇవతలున్న మా ఊళ్లో చలికాలం వీచే గాలి పెంకులే లేపుకుపోతుంది, ఇక ఆవిడ ఊపిరి ఎంత? ఈసారి నవంబరు నుంచి మార్చి దాకా ఇటలీ దక్షిణ కొసన, సముద్రం వెచ్చగా ఉండేచోట గడపమని డాక్టరు గట్టిగా చెప్పింది. అత్తయ్యకి బండి నడపడం రాదు. నడిపితే మామయ్యే నడపాలి. శనివారం తెల్లారి ప్రయాణం. శుక్రవారం, అంటే నవంబరు మూడో తారీకున, మామయ్య స్వయంగా ఇంజిన్ ఆయిల్ మార్చడానికి కూర్చున్నాడు.

"షెడ్డులో ఇవ్వొచ్చుగా మామయ్యా, గంటలో అయిపోతుంది" అన్నాను.

"ఎంత పోశాడో ఎవడు చూశాడే? తక్కువైతే ఇంజిన్ అరిగిపోతుంది. ఎక్కువైతే నురగకట్టి సీళ్లు తన్నుకుపోతాయి. దారి మధ్యలో మీ అత్తయ్యని పెట్టుకుని నేను నిలబడాలా?"

మా వాకిలి రాతి వాకిలి, కాస్త వాలుగా ఉంటుంది. వాలులో నిలబెడితే ఆయిల్ ఒక పక్కకి చేరి మట్టం తప్పు చూపిస్తుందని, చక్రాల కింద చెక్కలు పెట్టి, లోపల నేల మీద రసమట్టం ఉంచి, బుడగ మధ్యకి వచ్చేదాకా నన్ను అటూ ఇటూ పరిగెత్తించాడు. తర్వాత వీపు మీద పాక్కుంటూ కిందికి దూరి, బోల్టు విప్పి, పాత ఆయిల్ తొట్లోకి వదిలాడు. నల్లగా, తారులా, మాడిన వాసనతో దిగింది. ఫిల్టర్ మార్చాడు. బోల్టు బిగించాడు. కొత్త ఆయిల్ లీటరు డబ్బాలు ఆరు, ఒకదాని తర్వాత ఒకటి పోశాడు. తేనెరంగులో ఉంది. ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి, ఆపి, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఆగాడు. అప్పుడు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగాడు. మామయ్య దాన్ని పుల్ల అంటాడు.

లాగాడు. తెల్లబట్టతో తుడిచాడు. మళ్లీ దించాడు. మళ్లీ లాగాడు.

"చూడు."

పుల్ల మీద రెండు గీతలు. పై గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా, తేనెరంగు ఆగి ఉంది.

"ఆరు" అన్నాడు మామయ్య, గోడవారన వరసగా పెట్టిన ఖాళీ డబ్బాల వైపు తిరుగుతూ.

అక్కడ ఐదే ఉన్నాయి. ఒకటి నా కోటు లోపల ఉంది.

ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్నాను. మూడోసారి లెక్కపెట్టేటప్పుడు ఆయన వేలు వణికింది. అప్పుడైనా నేను బయటికి తియ్యాల్సింది. ఇంకొక్క క్షణం చూద్దామనిపించింది. ఆ క్షణంలో మామయ్య మొహం తెల్లబట్టలా అయిపోయింది.

"ఇదిగో మామయ్యా" అని డబ్బా తీశాను.

ఆయన నవ్వలేదు. "కోతివే నువ్వు" అని మాత్రం అన్నాడు, చాలా నెమ్మదిగా.

వంటింట్లో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీకు బుద్ధుందా టింకారా? మీ తాతయ్య ఆఖరికి ఆయన్నే ఎవరు నువ్వని అడిగాడు. మొదట్లో మీ తాతయ్యకి పోయింది లెక్కలే. అప్పటినుంచీ ఈయనకి అదే భయం. మొన్న కూడా నాతో అన్నాడు, లెక్క తప్పిన రోజున తాళాలు నీ చేతిలో పెట్టేస్తా, ఇక స్టీరింగ్ ముట్టుకోను అని. దాంతో ఆటలాడకు."

"ఆడను అత్తయ్యా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. నా మనస్ఫూర్తి ఎంతసేపు ఉంటుందో మీరే చూస్తారు.

పాత ఆయిల్‌ని మామయ్య గరాటు పెట్టి ఆ ఖాళీ డబ్బాల్లోకే పట్టాడు. సరిగ్గా ఆరు. మూతలు బిగించి నా కారు డిక్కీలో పేర్చాడు. "మూడింటికి కట్టేస్తారు. పాత నూనెలు తీసుకునే యార్డుకి తిన్నగా వెళ్లు. దార్లో ఎక్కడా ఆగకు."

ఆగాను. నా స్నేహితుడు రోక్‌గాడు కాఫీ హోటలు ముందు కూర్చుని చెయ్యి ఊపాడు. ఎవరు ఎవరితో తిరుగుతున్నారో చెప్పుకునేసరికి రెండు కాఫీలయ్యాయి. యార్డుకి చేరేటప్పటికి మూడుంబావు. గేటుకి తాళం. మళ్లీ రేపు ఎనిమిదింటికి తెరుస్తామని బోర్డు.

డబ్బాలు డిక్కీలోనే ఉంచి పొద్దున తీసుకెళ్తే సరిపోయేది. కానీ ఇంటికెళ్లగానే మామయ్య డిక్కీ తెరిచి చూస్తాడు. 'ఎక్కడ ఆగావు' అంటాడు. సణుగుతాడు. ఆ సణుగుడు తప్పించుకోడానికి చేశాను నేను ఆ పని. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండేది. లేదు.

మా ఊరికీ యార్డుకీ మధ్య పైన్ తోపులో ఒక బిలం ఉంది. మా నేలంతా సున్నపురాయే, కింద డొల్ల. ఇలాంటివి ఊరికి రెండు మూడుంటాయి. ఇది మాత్రం లోతు తెలియని బిలం. పడమటి అంచు నుంచి ఊరివాళ్లు ఏవి వద్దనుకుంటే అవి పడేస్తారు. పాత ఫ్రిజ్‌లు, చచ్చిన గొర్రెలు, ఒకసారి ఒక సోఫా కూడా. తూర్పు అంచున ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని మీద నవంబరు ఒకటిన, చనిపోయినవాళ్ల పండక్కి, ముసలమ్మలు ఎర్రగాజు దీపాలు పెడతారు. తాతల కాలంలో యుద్ధం అయిపోయిన ఏడాది ఆ లోపలికి పోయినవాళ్ల కోసం. వాళ్లెవరో, ఎంతమందో, ఎవరు తోశారో మా ఊళ్లో ఎవరూ చెప్పరు. దీపాలు మాత్రం పెడతారు. దీపాల వైపు నుంచి ఎవరూ చెత్త వెయ్యరు. ఎంత తాగినవాడైనా చుట్టూ తిరిగి పడమటి వైపుకే వెళ్తాడు.

చిన్నప్పుడు అమ్మమ్మ ఒక్కసారి తీసుకెళ్లింది. చేతికి చిన్న రాయి ఇచ్చి, "వేసి లెక్కపెట్టు. అక్కడ నోరు మాత్రం విప్పకు. లెక్క మనసులో పెట్టుకో" అంది. ఏడు అనుకున్నాక ఎక్కడో అడుగున టక్‌మంది.

ఆ శుక్రవారం పడమటి అంచుకి దారంతా బురద. కాళ్లకి కొత్త బూట్లు.

తూర్పు వైపే నిలబడ్డాను. దీపాలు మూడు ఇంకా వెలుగుతున్నాయి. పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగింది. కొవ్వొత్తి మైనం వాసన, తడిరాయి వాసన. మూతలు ఒక్కొక్కటే తీసి ఆరు డబ్బాలూ ఒంపేశాను. డబ్బాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి లోపలికే విసిరేశాను. ఆయిల్ జారి ఒక దీపం మీద పడింది. చుయ్‌మని ఆరిపోయింది.

అప్పుడన్నాను. ఎవరూ లేకపోయినా నవ్వించాలనుకునే నోరు నాది.

"తాగండి, తాగండి. పండక్కి మా మామయ్య పంపాడు. అందరూ పంచుకోండి."

అని, అమ్మమ్మ నేర్పినట్టు మనసులో లెక్కపెట్టాను. నాలుగు... ఐదు... ఆరు...

ఏడు దగ్గర చప్పుడు వచ్చింది. డబ్బా పడ్డ చప్పుడు కాదు. ఆయిల్ పడ్డ చప్పుడూ కాదు.

ఎవరో దగ్గారు.

ఒక్కసారే. నిద్రలో మొహం మీద ఏదో పడితే ఉలిక్కిపడి దగ్గే దగ్గు.

పావురం అనుకున్నాను. బిలాల్లో పావురాలుంటాయి. కారు దాకా నడిచే వెళ్లాను, పరిగెత్తలేదు. ఆ మాత్రం పరువు దక్కించుకున్నాను.

నాలుగున్నరకి ఇంటికి చేరాను. నవంబరులో మాకు ఆ వేళకే చీకటి. మామయ్య వాకిట్లో నుదుటికి లైటు కట్టుకుని, సీవ్కా ఇంజిన్ మీది మూత ఎత్తి ఎదురుచూస్తున్నాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"ఆరూ?"

"ఆరూ. లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు."

అబద్ధంలో ఇలాంటి అలంకారాలు నాకు బాగా వచ్చు.

"సరే రా. ఇంజిన్ చల్లారింది. చల్లబడ్డాక ఆఖరిసారి చూసేస్తే పొద్దున ఇక మూత ఎత్తక్కర్లేదు."

లాగాడు. తుడిచాడు. దించాడు. లాగాడు.

పై గీతకి వేలెడు పైన ఉంది.

మామయ్య రసమట్టం తెచ్చి బుడగ చూశాడు. మధ్యలోనే ఉంది. మళ్లీ తుడిచి దించి లాగాడు. వేలెడు పైన.

"పొద్దున గీత మీదే ఉంది కదూ? నువ్వూ చూశావు కదూ?"

"చూశా."

"నేను ఆరే పోశానా... ఏడా?"

ఆయన లైటు నా మొహం మీద పడింది. గొంతు తగ్గించాడు, వంటింట్లోకి వినపడకుండా.

"నీ పనేనా? నీ పనైతే చెప్పు. కోప్పడను. పొద్దున డబ్బా దాచావే, అలాంటిదే కదూ ఇది? పైన ఇంకో లీటరు పోశావు. అంతే కదూ?"

ఆ మనిషి నన్ను అడగడం లేదు. బతిమాలుతున్నాడు.

"అవును మామయ్యా. నేనే పోశా."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఓసి కోతీ, నా గుండె ఆగేది కదే" అని నవ్వి, నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, కిందికి దూరి బోల్టు వదులు చేశాడు. లీటరు తీసి జగ్గులో పట్టాడు.

నల్లగా వచ్చింది.

"డీజిల్ ఇంజిన్ కదా, కాసేపు తిరిగినా నల్లబడుతుంది" అన్నాడు తనకి తనే. నేను జగ్గు దగ్గర వంగాను. మాడిన వాసన లేదు. తడిరాయి వాసన. అందులో సన్నగా కొవ్వొత్తి మైనం.

పుల్ల మళ్లీ చూశాడు. సరిగ్గా గీత మీద. తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు. "లోపలికి రా, పులిసిన క్యాబేజీ చారు చల్లారిపోతోంది. పనిముట్లు సర్ది రా."

తలుపు మూసుకుంది. వాకిట్లో నేను, సీవ్కా. పొగమంచు గోడ దాటి లోపలికి వచ్చింది. గాలి లేదు. మా ఊళ్లో నవంబరులో గాలి లేకపోవడమే వింత.

స్పానర్లు పెట్టెలో పెడుతుంటే చప్పుడు వినిపించింది. ముందు నా కడుపులోంచి వస్తోందనుకున్నాను.

గుట్... గుట్... గుట్.

ఎవరో పెద్ద కుండలోకి సన్నధారగా ఒంపుతున్నట్టు. ఇంజిన్ ఆగి ఉంది. చల్లగా ఉంది. నేను పుల్ల లాగాను. తుడిచాను. మళ్లీ దించాను. మళ్లీ లాగాను.

గీత కనపడలేదు. పుల్ల సగం దాకా నలుపే.

ఆయిల్ పోసే మూత తిప్పాను. ఫోన్ లైటు వేశాను. లోపల ఎక్కడో అడుగున ఉండాల్సింది... మూతి దగ్గరే ఉంది. నిశ్చలంగా. అద్దంలా. అందులో నా మొహం. చూస్తుండగానే అది మెల్లగా, పాలు పొంగేముందు లేచినట్టు, కొంచెం పైకి లేచింది.

అటువైపు నుంచి... నా మొహం వెనక నుంచి...

ఒక్క దగ్గు.

మూత నా చేతిలోంచి రాళ్ల మీద పడి దొర్లింది. ఆ చప్పుడుకి మామయ్య చెంచా చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. వెనకాల శాలువా కప్పుకుని అత్తయ్య.

"ఏమైందే?"

వేలితో చూపించాను. మామయ్య వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నుదుటి లైటు ఆ నలుపు మీద కదలకుండా నిలబడింది. దగ్గు ఆయన వినలేదు. ఆయనకి కనిపించింది ఒక్కటే, నోటి దాకా నిండిన ఇంజిన్.

"అంత పట్టదు దీనికి" అన్నాడు. "అంత ఎలా పోశాను?"

"మామయ్యా..."

"ఇప్పుడు నువ్వు పోశావని చెప్పకు టింకారా. నువ్వు ఇక్కడ ఉన్నది ఐదు నిమిషాలు. మొత్తం నేనే పోసుంటాను. ఆయిల్ పెట్టెలు రెండు కొన్నాను కదా. రెండోది కూడా పోసేసుంటాను. పోసి... మర్చిపోయాను. ఇందాకటి గీత కూడా తప్పే చూసుంటాను."

రెండో పెట్టె గోడవారన, టేపు కూడా విప్పకుండా, అలాగే ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. చూసినా కనపడే స్థితిలో లేడు. జేబులోంచి సీవ్కా తాళాలు తీసి అత్తయ్య అరచేతిలో పెట్టి, ఆవిడ వేళ్లు తనే మూశాడు.

"లెక్క తప్పింది మిలోయ్కా."

అత్తయ్య చలికి దగ్గింది. ఆవిడ మామూలు దగ్గే, తెరలు తెరలుగా, ఆగకుండా. ఆ దగ్గు విని నేను ఇక నిలబడలేకపోయాను.

"నేను యార్డుకి వెళ్లలేదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"రోక్‌తో కాఫీకి ఆగాను. గేటు వేసేశారు. నువ్వు సణుగుతావని... ఆయిల్ పారబోశాను. లీటరు నేను పోశానన్నది కూడా అబద్ధం. నీ లెక్క తప్పలేదు మామయ్యా. పొద్దున గీత మీదే ఉంది. ఇది మన ఆయిల్ కాదు. అంటే... మనదే. తిరిగొచ్చింది."

"ఎక్కడ పారబోశావు?"

"బిలంలో."

"ఏ వైపు నుంచి?"

నేలలోకి కుంగిపోవాలనిపించింది. మా నేలకి అది కూడా సాధ్యమే.

"దీపాల వైపు."

అత్తయ్య తాళాలున్న చేత్తోనే నోరు మూసుకుంది. మామయ్య మాత్రం నాకు ఇంకో అడుగు దగ్గరగా వచ్చాడు. అరవలేదు. గుసగుసగా అడిగాడు.

"పోసేటప్పుడు నోరు విప్పావా?"

చెప్పాను. మాట మాటా చెప్పాను. 'తాగండి' అన్నాను. 'పంచుకోండి' అన్నాను. ఆ వాకిట్లో, ఆ ఇద్దరి ముందు ఆ మాటలు మళ్లీ పలకడం కంటే బిలంలోకి దిగడం తేలిక.

మామయ్య నన్ను కొట్టుంటే బాగుండేది. ఆయన నుదుటి లైటు సరిచేసుకుని, "తొట్టి తీసుకురా" అన్నాడు.

కొట్లో పడున్న పాత వైన్ క్యాన్లు తెచ్చి, మూతలు తీసి వరసగా పెట్టాం. మామయ్య కింద పడుకుని బోల్టు పూర్తిగా తీశాడు. జగ్గుతో లీటరు లీటరు కొలిచి నేను క్యాన్లలోకి పోశాను. లెక్క బయటికే పెట్టాడు మామయ్య, ఒక్కో అంకె కింద గీత గీసినట్టు. ఇందాక తీసిన లీటరుతో కలిపి. నాలుగు. ఐదు. మొదట నలుపు. ఆరు దాటాక తేనెరంగు కలిసింది. ఏడు. ఎనిమిది. ఆ ఇంజిన్ అంత పట్టదు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. తొమ్మిది. పది. అది దిగుతూనే ఉంది.

పదకొండు.

ధార సన్నబడింది. చుక్కలైంది. ఆగిపోయింది.

మామయ్య కింద నుంచే అడిగాడు. "ఎన్ని?"

"పదకొండు."

"పన్నెండు రావాలి. కొత్తవి ఆరు, నువ్వు పోసినవి ఆరు."

బయటికి పాక్కుంటూ వచ్చాడు. అన్ని క్యాన్లూ మళ్లీ కొలిచాడు. పదకొండు. మూడోసారి కొలిచాడు. నాకు పొద్దున్న ఆయన వేలు వణకడం గుర్తొచ్చింది. ఇప్పుడూ వణుకుతోంది.

పంచుకోమన్నాను కదా. ఐదు వాటాలు ఎవరూ ముట్టలేదు, వెనక్కి పంపారు. ఒకటి...

"ఒకటి దాచావా?" అన్నాడు మామయ్య. "బిలంలో ఐదే పోసి, నన్ను ఏడిపించడానికి ఒకటి ఎక్కడో దాచావా? చెప్పవే కోతీ. ఈ ఒక్కటీ చెప్పు."

ఆరు మూతలు తీశాను. ఆరు డబ్బాలు విసిరాను. నాకు బాగా గుర్తు. గుమ్మంలో అత్తయ్య తాళాలు పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది. నా కళ్లలోకే చూస్తోంది.

"దాచాను మామయ్యా."

అంతకుముందు నా సోమరితనానికి అబద్ధాలాడాను. ఇది మాత్రం ఎందుకాడానో నాకు తెలుసు. అయినా సిగ్గు ఏమీ తగ్గలేదు.

మామయ్య తల వెనక్కి వాల్చి గట్టిగా నవ్వాడు. అత్తయ్య గుమ్మం దిగి వచ్చి తాళాలు ఆయన చొక్కా జేబులో వేసి, జేబు మీద రెండుసార్లు తట్టింది. రెండో పెట్టె విప్పారు. ఆరు డబ్బాలు. రెండు నిమిషాలు తిప్పి, పది నిమిషాలు ఆగి, లాగి, తుడిచి, దించి, లాగాడు. గీత మీద ఉంది. గంట తర్వాత చూసినా గీత మీదే. తెల్లవారుజామున చూసినా అక్కడే. ఖాళీ డబ్బాలు ఆరు, గోడవారన. నేను చేతులు రెండూ జేబుల్లోంచి బయటికి తీసి నిలబడ్డాను, ఆయన లెక్కపెట్టినంతసేపూ.

ఆరింటికి వెళ్లిపోయారు. సందు చివర సీవ్కా ఆగింది. మామయ్య దిగి, వెనక్కి వచ్చి, ఇంటి తలుపు లాగి చూసి, మళ్లీ ఎక్కాడు. నేను ఏడిపించలేదు.

ఎనిమిదింటికి యార్డు తెరిచేసరికి గేటు దగ్గర నేనే మొదటిదాన్ని. అక్కడి మనిషి క్యాన్లలోది కొలిచి, కాగితం మీద పదకొండు అని రాసిచ్చాడు.

అక్కణ్ణుంచి పైన్ తోపుకి వెళ్లాను. దారిలో ఎర్రగాజు దీపం ఒకటి కొన్నాను. రోడ్డు పక్కన కారు ఆపి, చుట్టూ చూసి, రాత్రి మంచుకి బురదైన తూర్పు దారిలోంచి నడిచాను. కాళ్లకి అవే కొత్త బూట్లు. ఇక అవి కొత్తవి కావు. బల్లపరుపు రాయి మీద ఆయిల్ మరకల్ని తెచ్చుకున్న బట్టతో తుడిచాను. ఆరిన దీపం పక్కన నాది వెలిగించాను. నోరు విప్పలేదు. క్షమించమని మనసులోనే అనుకున్నాను. రాయి వెయ్యలేదు. లెక్కపెట్టలేదు. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది. మామయ్య మెసేజ్. సరిహద్దు దాటి, పెట్రోలు బంకులో ఆగి, మట్టం చూశాడట.

'గీత మీదే ఉంది. మీ అత్తయ్య నిద్రపోతోంది. ఇంతకీ ఆ పన్నెండో లీటరు ఎక్కడ దాచావే కోతీ?'

నవ్వుకుంటూ తల ఎత్తాను. కారు అక్కడే ఉంది, నేను ఆపిన చోటే. డ్రైవరు తలుపు ముందు, రోడ్డు మీద, ఒక లీటరు డబ్బా నిటారుగా నిలబెట్టి ఉంది. ఇందాక కారు దిగినప్పుడు అక్కడ ఏమీ లేదు. మూత తీసి పక్కనే పెట్టి ఉంది, వెల్లకిలా, జాగ్రత్తగా. లోపల చుక్క లేదు. మూతి అంచు దాకా, నాకినట్టు, శుభ్రంగా ఉంది.

ఇంకాస్త పొయ్యమని గ్లాసు ముందుకి జరిపినట్టు, ఊరి వైపు జరిపి ఉంది.

వంగి ముట్టుకున్నాను. ఆ చలిలో... మూతి దగ్గర ఇంకా వెచ్చగా ఉంది.